ఆ 436 రూపాయల లైను చూపించినవాళ్లకు

అందరికీ నమస్కారం. కష్టకాలంలో మాకు దారి చూపినవాళ్లకి థాంక్స్ చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. ఏటా మే నెలాఖరుకి మా ఆయన ఫోన్‌కి బ్యాంకు నుంచి ఒక మెసేజ్ వచ్చేది, ఖాతాలోంచి 436 రూపాయలు కట్ అయ్యాయని. "వీళ్లు ఎందుకు కోస్తారో ఏమో" అని ఆయన విసుక్కునేవారు. బ్యాంకుకెళ్లి ఆపించెయ్యండి అని నేనూ చాలాసార్లు అన్నాను. ఆయనకి తీరిక దొరకలేదు. దొరక్కపోవడమే మంచిదయింది.

పోయిన ఏడాది ఆగస్టులో ఆయన గుండెపోటుతో పోయారు. నలభై నాలుగేళ్లు. పిల్లలిద్దరూ ఇంకా స్కూల్లోనే ఉన్నారు. పదిహేను రోజులైనా కాకముందే ఫోన్లు మొదలయ్యాయి. అప్పులు ఉన్నాయని తెలుసు, ఇన్ని ఉన్నాయని తెలీదు. బ్యాంకులో పర్సనల్ లోను, ఒక ఫైనాన్స్ కంపెనీలో ఇంకొకటి, ఫోన్ యాప్‌లలో రెండు, తెలిసినవాళ్ల దగ్గర చేబదుళ్లు. రాత్రి పది గంటలకు కూడా ఫోన్. మా మరిదికి, మా అన్నయ్యకి, ఆఖరికి ఆయన ఎప్పుడో పనిచేసిన చోట ఒకాయనకి కూడా చేశారు. మొగుడి అప్పు పెళ్లాం కట్టక ఎవరు కడతారు అని ఒకడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, నేనూ అలాగే అనుకుంటున్నాను మరి.

మొదటి కృతజ్ఞత మా పాప స్కూల్లో పనిచేసే ఆయమ్మకి. నా మొహం చూసి ఏమైందని అడిగింది ఆమే. కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ అని ఉంటుంది, ఆడవాళ్లకి డబ్బు తీసుకోకుండా చూస్తారు, 15100కి ఫోన్ చేస్తే చెబుతారు అంది. లాయర్ ఫీజు ఎక్కణ్ణుంచి తేను అని వారం రోజులు వెళ్లలేదు. తర్వాత తెలిసింది, 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారట. ఆ వారం రోజులు ఊరికే ఏడ్చాను.

అక్కడ ఉన్న పారా లీగల్ వాలంటీర్ (లాయర్ కాదు, సాయం కోసం వచ్చినవాళ్లకి దారి చూపే మనిషి) అక్కకి ఎలా థాంక్స్ చెప్పాలో నాకు తెలియడం లేదు. "ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెచ్చెయ్యమ్మా, ఏది పనికొస్తుందో నువ్వు ఏరకు" అంది. సంచీ నిండా పట్టుకెళ్లాను. బల్ల మీద మూడు కుప్పలు పెట్టింది. ఒకటి, మాకు రావలసినవి. రెండు, నా సంతకం ఉన్న అప్పులు. మూడు, నా సంతకం లేనివి. నేను వెళ్లింది ఎవరికెంత కట్టాలో తెలుసుకోవడానికి. ఆవిడ రోజంతా కూర్చున్నది మాత్రం మొదటి కుప్ప మీదే. రావలసినది ఎంతో తేలకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇస్తానని ఒప్పుకోకు అని గట్టిగా చెప్పింది.

పాస్‌బుక్ ప్రింట్ వేయించుకు రమ్మంటే బ్యాంకుకెళ్లాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి పేజీ మీద వేలు జరుపుతూ వచ్చి ఒకచోట ఆగాడు. "అమ్మా, సార్‌కి జీవన్ జ్యోతి బీమా ఉంది" అన్నాడు. బ్యాంకు ఖాతా ద్వారా కట్టే ప్రభుత్వ జీవిత బీమా అట. అదే, 436. 2022కి ముందు ఎంట్రీల్లో అది 330గా ఉంది. మే నెలాఖరులో కట్ అయితే జూన్ 1 నుంచి మళ్లీ మే 31 దాకా పాలసీ నడుస్తుందట. చావుకి కారణం ఏదైనా 2 లక్షలు ఇస్తారు, యాక్సిడెంటే కానక్కర్లేదు. ఆ అబ్బాయే ఫారం ఇచ్చి, నింపి, ఏయే జిరాక్స్‌లు కావాలో రాసిచ్చాడు. లైన్లో ఇరవై మంది ఉన్నా విసుక్కోలేదు. బాబూ, నీ పేరు కూడా అడగలేదు నేను.

నామినీగా మా అత్తమ్మ పేరు ఉంది. డబ్బు ఆవిడ ఖాతాలోనే పడింది. పడిన రోజే నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకెళ్లి మొత్తం తీసి నా చేతిలో పెట్టింది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

పీఎఫ్ సంగతి ఎక్కువమందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆయనకి జీతంలో పీఎఫ్ కట్ అయ్యేది. ఖాతాలో దాచిన డబ్బే వస్తుందనుకున్నాను. ఉద్యోగంలో ఉండగా చనిపోతే ఈడీఎల్ఐ అని బీమా కూడా ఉంటుందట. దానికి ఉద్యోగి పైసా కట్టడు, కంపెనీయే కడుతుంది. జీతాన్ని బట్టి 7 లక్షల దాకా రావచ్చు. అది కాక భార్యకి నెలనెలా పెన్షన్, ఇద్దరు పిల్లలకి 25 ఏళ్లు వచ్చేదాకా ఆ పెన్షన్‌లో పావు వంతు చొప్పున విడిగా. అంతకంటే ముఖ్యమైన మాట న్యాయసేవాధికార సంస్థ నాకు ఇచ్చిన లాయర్ గారు చెప్పారు. నామినీకి వచ్చే పీఎఫ్ డబ్బుని చనిపోయినవాళ్ల అప్పుల కింద ఎవరూ జప్తు చేయలేరు. మాకు ఎంత వచ్చిందో మాత్రం రాయను, చుట్టాలు కూడా ఇది చదువుతారు!

అది తేలిగ్గా రాలేదులెండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్‌లో పొడి అక్షరమే ఉంది. ఆయన పనిచేసిన కంపెనీ సంతకం పెట్టడానికి రెండు నెలలు తిప్పింది. చివరికి వాలంటీర్ అక్క నాతో కూడా వచ్చి వాళ్ల ఆఫీసులో కూర్చుంటే అరగంటలో అయిపోయింది.

ఇక నా సంతకం లేని అప్పులు. అప్పు చేసినవాళ్లు పోతే, వాళ్ల ఆస్తిలోంచి వారసులకి ఎంత వచ్చిందో అంతవరకే వారసుల బాధ్యత. ఆయన పేరున మిగిలింది ఒక పాత బండి. ఫైనాన్స్ కంపెనీ మనిషి అంతకుముందే ఇంటికొచ్చి "అడ్రస్ కన్ఫర్మ్ చేయడానికే" అని ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. కళ్లజోడు దొరక్క రేపు రమ్మన్నాను. తర్వాత ఆ కాగితం చదివితే, ఆ లోను నా పేరుకి మార్చుకుంటున్నట్టు ఉంది. లాయర్ గారు డెత్ సర్టిఫికెట్ జతచేసి వాళ్లకి ఉత్తరం రాశారు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బంధువులని వేధించకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉందట, అది కూడా అందులో రాశారు. రెండు యాప్‌లలో ఒకదాని వెనక ఫైనాన్స్ కంపెనీ ఏదీ లేదు, దాని మీద సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశాం. రెండోదాని కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకులో ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కి పెడదామనుకున్నాం. అంత దూరం వెళ్లలేదు, ఫోన్లు ఆగిపోయాయి.

బ్యాంకు లోనులో మాత్రం నేను కో-అప్లికెంట్‌ని, అంటే ఆయనతో పాటు నేనూ సంతకం పెట్టాను. అది తప్పదు. 3 లక్షల 10 వేలు అని నోటీసు వచ్చింది, అందులో వడ్డీ, పెనాల్టీలే ఎక్కువ. ఇరువైపులా మాట్లాడుకుని రాజీ కుదుర్చుకునే లోక్ అదాలత్‌లో పెట్టించారు. కేసు ఇంకా కోర్టుకి వెళ్లకముందే అక్కడ మాట్లాడుకోవచ్చు, ఫీజు లేదు. ఒక శనివారం పొద్దున్న వెళ్లాం. లక్షా 85 వేలకి ఒప్పందం కుదిరింది, మూడు వాయిదాల్లో. అక్కడ రాసుకున్నది కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుకని సంతకం పెట్టేముందు లాయర్ గారు నాకు రెండుసార్లు చదివి వినిపించారు. బ్యాంకు ఆఫీసర్ కూడా ఒక నిజం దాచకుండా చెప్పారు: సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర ఉండే రికార్డులో, 'క్లోజ్డ్' (పూర్తిగా తీరింది) అని కాకుండా 'సెటిల్డ్' (తగ్గించుకుని తీర్చారు) అని పడుతుంది, కొన్నేళ్లపాటు లోను దొరకడం కష్టమవుతుంది అని. ఇప్పట్లో నాకు లోను అక్కర్లేదు సార్ అన్నాను. ఆయన నవ్వారు. చివరి వాయిదా కట్టిన రోజున ఇక బాకీ ఏమీ లేదని రాసిచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ చేతికి తీసుకున్నాకే బయటికొచ్చాను.

కాగితం లేని చేబదుళ్లు ఇద్దరివి తీర్చేశాను. రుజువు లేదు, కట్టనక్కర్లేదు అన్నారు కొందరు. కానీ ఆసుపత్రి రాత్రి డబ్బు పట్టుకుని పరిగెత్తుకొచ్చినవాళ్లు వాళ్లే.

అప్పులు సెటిల్ చేయిస్తాం, ముందు 15 వేలు కట్టండి అని ఫోన్ చేసినవాళ్లకి దాదాపు కట్టేయబోయాను. ఆపింది మళ్లీ వాలంటీర్ అక్కే. ఇంత చేసి ఆవిడ నా దగ్గర ఆటో డబ్బులు కూడా తీసుకోలేదు. బీపీఎల్ కుటుంబాలకి సంపాదించే మనిషి పోతే కేంద్రం ఒకసారి ఇచ్చే 20 వేలకి కూడా దరఖాస్తు పెట్టించింది. అది ఇంకా రాలేదు, వస్తే ముందు ఆవిడకే ఫోన్ చేస్తాను.

అన్నట్టు, ఈ మే నెలలో నా ఖాతాలోంచి కూడా 436 కట్ అయింది. నామినీ దగ్గర ఎవరి పేరుందో బ్యాంకుకెళ్లి చూసుకుని వచ్చాను. మా పాప పేరు రాయించాను, తను మైనర్ కాబట్టి గార్డియన్‌గా మా అత్తమ్మని పెట్టాను.