హిజియోరి వేడినీళ్ళ ఊరి నుంచి

హిజియోరి, యమగత, జపాన్
అక్టోబరు చివరి వారం

అమ్మా, నాన్నా,

ఈ ఉత్తరం తమ్ముడు చదివి వినిపిస్తాడని తెలుసు. మధ్యలో స్నానాల సంగతి వస్తుంది. అక్కడ మాత్రం అమ్మా, వాడి చేతిలోంచి లాక్కుని నువ్వే చదువుకో.

ఆఫీసులో చాలా కాలంగా నలుగుతున్న పని ఒకటి తెమిలింది. సెలవు దొరికింది. టోక్యో వెళ్దాం రమ్మని స్నేహితులు పిలిచారు గానీ, ఆ జనంలో తిరిగే ఓపిక నాకు లేదు. సెండాయ్‌లో కొండల మీదుగా పోయే రైలెక్కి యమగత వైపు వచ్చి, అక్కడ బండి మారి షింజోలో దిగాను. ఈ వైపు బుల్లెట్ రైలుకి అదే ఆఖరి స్టేషను. అక్కడి నుంచి దాదాపు గంటసేపు బస్సు. బస్సులో నేను, ఇద్దరు ముసలమ్మలు, డ్రైవరు, అంతే. దారంతా కోతలైపోయిన వరి మళ్ళు. చివర్లో రోడ్డు మెలికలు తిరుగుతూ ఒక పెద్ద గుంటలోకి దిగుతుంది. పన్నెండు వేల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలితే ఏర్పడిన గుంట అది. రెండు కిలోమీటర్ల వెడల్పు ఉంటుందట. అందులో ఒక చిన్న నది, నది పక్కన ఒక సన్నటి వీధి, వీధికి అటూ ఇటూ ఇరవై దాకా సత్రాలు. ఊరంతా అంతే.

నేనున్న సత్రం పాతది. నడిస్తే చెక్కమెట్లు కిర్రుమంటాయి. గదిలో గడ్డి చాపలు, ఒక పొట్టి బల్ల, టీ సామాను, బీరువాలో మడిచిపెట్టిన పరుపు. మంచం లేదు, నాన్నకి సుఖం. వేసుకోవడానికి యుకాతా అని నూలు అంగీ ఇస్తారు. ఎడమ అంచు పైకి వచ్చేట్టు కట్టుకోవాలి. కుడి అంచు పైకి వచ్చేట్టు చనిపోయినవాళ్ళకే కడతారట. సత్రం నడిపే ఆవిడ నేను అంగీ కట్టుకుని కిందికి రాగానే ముందు అదే చూసుకుంది.

ఇక్కడికి ఎవరొస్తారో చెప్పాలి, ఉత్తరం రాయాలనిపించిందే అందుకు. మనం సినిమాల్లో చూసే డబ్బున్నవాళ్ళు కాదు. చుట్టుపక్కల రైతులు. నాట్లు అయ్యాక కొందరు, కోతలయ్యాక కొందరు, వారం పది రోజులు వచ్చి ఉండిపోతారు. తోజి అంటారు దీన్ని. పూర్వం బియ్యం, మిసో అనే సోయా గింజల ముద్ద మూట కట్టుకుని వచ్చి, సత్రంలో పొయ్యి వాడుకుని తామే వండుకునేవాళ్ళు. వంటగది ఉన్న గదులు ఇప్పటికీ కొన్ని సత్రాల్లో ఇస్తున్నారు, అద్దె చాలా తక్కువ. రోజుకి రెండుమూడు సార్లు నీళ్ళలో దిగడం, తినడం, పడుకోవడం, పక్క గదివాళ్ళతో కబుర్లు. వేరే పనేమీ ఉండదు. ఏడాది పొడుగునా వంగి పనిచేసిన నడుముకి అది ఇవ్వాల్సిన బాకీ అన్నట్టే మాట్లాడతారు, విలాసంలా కాదు. మన దగ్గర కోతలయ్యాక ఏం చేస్తాం? అమ్మ మిరపకాయలు కోయడానికి పోతుంది. నాన్నకి నైట్ షిఫ్టు అయ్యాక పడుకోవడమే సెలవు.

ఇప్పుడు స్నానాలు. తమ్ముడూ, ఇచ్చెయ్.

అమ్మా, ఆడవాళ్ళకి వేరే, మగవాళ్ళకి వేరే, కంగారు పడకు. కానీ లోపల ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకుని, నురగ పూర్తిగా పోయేదాకా కడుక్కోవాలి. ఆ తర్వాతే తొట్టిలో దిగాలి. తొట్టి నీళ్ళు అందరివీ కదా, మురికీ సబ్బూ అందులో కలవకూడదు. చేతి తువ్వాలు కూడా నీళ్ళలో ముంచరు, మడిచి నెత్తిన పెట్టుకుంటారు. మొదట నాకు కళ్ళెత్తి చూడటానికే సిగ్గేసింది. తర్వాత అర్థమైంది, అక్కడ నన్ను ఎవరూ చూడటం లేదు. అందరూ డెబ్బై దాటినవాళ్ళే. ఒకావిడకి వీపు మీద ఆపరేషన్ గాటు, ఇంకొకావిడకి వేళ్ళు వంకర్లు పోయాయి. ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటున్నారు. నన్ను ఎక్కడి నుంచి అని అడిగారు. ఇండియా అన్నాను. "అక్కడ వరి పండుతుందా?" అని అడిగింది వేళ్ళావిడ. రెండు పంటలు పండుతుందని చెబితే, "రెండుసార్లు నాట్లా! పాపం" అంది. మనం గొప్పగా చెప్పుకునే మాటకి జాలిపడిన మనిషిని ఆవిడనే చూశాను.

నీళ్ళు కొంచెం గోధుమ రంగులో ఉంటాయి. నోటికి తగిలితే ఉప్పగా, ఇనుము వాసన. దిగేటప్పుడు కాలుతుంది, రెండు నిమిషాలాగితే మోకాళ్ళలోకి దిగుతుంది ఆ వేడి. నీ మోకాళ్ళే గుర్తొచ్చాయి. 807లో ఒక ముసలి సన్యాసి కొండ మీంచి పడి మోచెయ్యి విరిగితే, ఈ నీళ్ళలో నానబెట్టాక నయమైందని ఇక్కడి కథ. ఊరి ఉమ్మడి స్నానాల గదిలో జిజో దేవుడి రాతి విగ్రహం దగ్గరే నీళ్ళు వస్తాయి. కథ నమ్మినా నమ్మకపోయినా, బట్టలు మార్చుకునే గది గోడకి ఒక కాగితం ఉంటుంది. నీళ్ళు ఎంత వేడిగా పుట్టాయి, కిలోలో ఏ లవణం ఎన్ని మిల్లీగ్రాములుంది, అన్నీ రాసి ఉంటాయి. 1948లో ఇక్కడ వేడినీళ్ళ ఊటలకే ఒక చట్టం చేశారు. పుట్టే చోట 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చట్టం చెప్పిన లవణాలైనా ఉండాలి. స్నానానికి పన్ను కూడా ఉంది, సాధారణంగా మనిషికి 150 యెన్‌లు.

ఇక నాన్న చదవాల్సింది. నాన్నా, ఈ ఊరి కింద రాయి ఎంత వేడంటే, 1980ల నుంచి 2002 దాకా ప్రభుత్వ సంస్థ నెడో ఇక్కడే ప్రయోగాలు చేసింది. రెండు కిలోమీటర్లకు పైగా బోర్లు దింపి, పైనుంచి నీళ్ళు పంపి, ఆ వేడిని వెనక్కి లాగి కరెంటు తీయొచ్చా అని చూశారు. అడుగున 250 డిగ్రీలు దాటింది. కానీ పంపిన నీళ్ళలో చాలా భాగం రాళ్ళలోకే పోయేదట, తిరిగి రాలేదు. మన పగిడేరు బోరులో వేడినీళ్ళు తన్నుకొచ్చే సంగతి నువ్వు ఎన్నిసార్లు చెప్పలేదు! సింగరేణివాళ్ళు దాని మీద 20 కిలోవాట్ల ప్లాంటు పెట్టారు కదా, ఆ లెక్కన మనమూ వీళ్ళూ ఒకే ఆలోచన చేశాం.

ఇంకొకటి. ఇక్కడికి దక్షిణాన ఇవాకీ అనే ఊరు దగ్గర జోబన్ బొగ్గుబాయి ఉండేది. బాయిలో ఎక్కడ తవ్వినా వేడినీళ్ళు ఉబికేవి. బొగ్గుకన్నా ముందు ఆ నీళ్ళు తోడిపోయాల్సి వచ్చేది. బొగ్గుకి గిరాకీ పడిపోయాక కంపెనీ ఆ నీళ్ళతోనే 1966లో పెద్ద స్నానాల విహారకేంద్రం కట్టింది, హవాయి దీవుల పద్ధతిలో. కార్మికుల కూతుళ్ళు డాన్సు నేర్చుకుని అందులో ఉద్యోగాలకి చేరారు. ఇప్పటికీ నడుస్తోంది. బాయిలు మూతపడితే పిల్లల గతేంటని క్వార్టర్స్‌లో మీరంతా మాట్లాడుకునేవాళ్ళు కదా, ఇది చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. అందరికీ అలా కుదరదు, అది కూడా నిజమే.

తిండి బాగుంది, కారం లేదన్న మాటే గానీ. ఈ కాలంలో ఇక్కడ ప్రతి ఇంట్లో ఇమోని వండుతారు. చామదుంపల పులుసే అనుకోండి, చింతపండు బదులు సోయా సాస్. ఈ ప్రాంతంలో అందులో గొడ్డుమాంసం వేస్తారు. తిననని ముందే ఫోన్‌లో చెప్పాను కాబట్టి నాకు పుట్టగొడుగులతో విడిగా చేసిపెట్టారు. ఉప్పు రాసి పుల్లకి గుచ్చి కాల్చిన ఏటి చేప కూడా పెట్టారు, దాన్ని మాత్రం తలతో సహా తినేశాను. అన్నం మన సన్నబియ్యంలా పొడిపొడిగా ఉండదు, ముద్దగా ఉంటుంది, కానీ ఆ రుచికి కూర అక్కర్లేదు.

ఏప్రిల్ నుంచి నవంబరు దాకా పొద్దున్నే వీధిలో సంత. యుకాతాల్లోనే చలికి ఒక కోటు తగిలించుకుని అందరూ వస్తారు. ముసలమ్మలు పీటలు వేసుకుని పుట్టగొడుగులు, ఊరగాయలు, పళ్ళు అమ్ముతుంటారు. బేరం ఆడరు. అమ్మా, నీకు అదొక్కటే లోటు. ఏడున్నరకల్లా సర్దేసుకుని పొలాలకి వెళ్ళిపోతారు. చలికాలం వస్తే సంత ఉండదు. 2018 ఫిబ్రవరిలో ఇక్కడ 445 సెంటీమీటర్ల మంచు పేరుకుంది, అంటే మన ఇంటి కప్పు కనిపించదు.

అందుకే చలికాలం వద్దు. వచ్చే అక్టోబరులో మీరిద్దరూ రండి. ఖర్చు సంగతి నన్ను అడగొద్దు. తమ్ముడూ, ముందు అమ్మ ఆధార్‌లో పేరు సరిచేయించి, ఆ తర్వాతే పాస్‌పోర్టుకి పెట్టు. వంటగది ఉన్న గది తీసుకుందాం. అమ్మా, అక్కడ వంట మాత్రం నేనే చేస్తాను, నువ్వు నీళ్ళలో కూర్చో. ఎండుమిర్చి, చింతపండు, కొంచెం నువ్వులపొడి తెస్తే చాలు. నాన్నా, స్నానాల దగ్గర సిగ్గుపడి గదిలోనే ఉంటానంటే మాత్రం ఒప్పుకోను.

మీ
పెద్దది