పెద్ద గడియారం చౌరస్తాకు రంగు లైట్ల కన్నా ముందు మోరీలు

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో పెద్ద గడియారం చౌరస్తా, ప్రకాశం బజార్, పాతబస్తీ గల్లీల గురించి ఎప్పుడు మాట వచ్చినా ముందు వినిపించేది ‘సుందరీకరణ’. ఫౌంటెన్, రంగు లైట్లు, డివైడర్ మీద పూలకుండీలు. ఇవి వద్దని కాదు. కానీ పాత బజారు పాడయ్యేది అడుగు నుంచి. అడుగున చేయాల్సింది వదిలేసి పైన ఎంత మెరుగు పెట్టినా, రెండు వానాకాలాలు తిరక్కుండానే మళ్లీ తవ్వాల్సి వస్తుంది. ఏ పని తర్వాత ఏ పని పట్టాలి, కొలతలు ఎంతుండాలి, ఎక్కడ చెడిపోతుంది అన్న వివరాలు మీ పత్రిక ద్వారా అధికారుల ముందు, దుకాణదారుల ముందు పెట్టడానికే ఈ ఉత్తరం.

ముందుగా రోడ్డు ఎత్తు సంగతి. పాత బజార్లలో ఒకప్పుడు రెండు మెట్లెక్కి దుకాణంలోకి పోయేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల రోడ్డు మీది నుంచి దుకాణంలోకి దిగాల్సి వస్తోంది. గడప కుంగలేదు, రోడ్డే లేచింది. తారు పొర వేసినప్పుడల్లా 25 నుంచి 40 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సీసీ, అంటే సిమెంటు కాంక్రీటు, పోస్తే ఒకేసారి 150 నుంచి 200 మిల్లీమీటర్లు. పాతది తీయకుండా మూడు తారు పొరలు, వాటి మీద ఒక సీసీ పడితే ముప్పావు అడుగు నుంచి అడుగు దాకా లేచినట్టే. రెండు మెట్లూ అందులోనే పోతాయి. ఆ తర్వాత గట్టి వాన పడితే నీళ్లు దుకాణంలోకే. దుకాణదారు గడప మీద ఇటుకల కట్ట కట్టి, దాని ముందు ర్యాంపు పోస్తాడు. ఆ ర్యాంపు మోరీని కప్పేస్తుంది. అప్పుడు దాన్ని ఆక్రమణ అంటాం. ఆక్రమణే, కాదనలేం. కానీ దానికి బీజం పడింది రోడ్డు ఎస్టిమేటులో.

కాబట్టి టెండరుకు ముందే ప్రతి పది మీటర్లకు లెవెళ్లు తీయాలి: రెండు వైపులా గడపలది, రోడ్డు నడుమది, మోరీ అడుగుది. ఎత్తులు కొలిచే ఆటో లెవెల్ పరికరం చేతిలో ఉంటే కిలోమీటరు బజారుకు ఇది ఒకటి రెండు రోజుల పని. అన్నిటికన్నా కిందున్న గడపను పట్టుకుని, కొత్త రోడ్డు అంచు దానికి కనీసం 150 మిల్లీమీటర్లు దిగువన ఉండేలా చూడాలి. అందుకోసం పాత తారైతే మిల్లింగ్ మిషన్‌తో గీకాలి, సీసీ అయితే బ్రేకర్‌తో పగలగొట్టాలి. ఖర్చవుతుంది, దుమ్ము లేస్తుంది, నాలుగు రోజులు గిరాకీ తగ్గుతుంది. తప్పదు. నడుమ నుంచి అంచుకు మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఇస్తే, ఆరు మీటర్ల వెడల్పు రోడ్డు అంచు నడుమ కన్నా 6 సెంటీమీటర్లు కింద ఉంటుంది. నీళ్లు మోరీలోకి పోవడానికి అది చాలు.

మోరీకి అడుగు వాలే ప్రాణం. వంద మీటర్లకు 30 సెంటీమీటర్లన్నా పడాలి. అది లేకుండా ఎంత లోతు తవ్వినా ఇసుక, చాయ్‌పత్తి అక్కడే పేరుకుంటాయి. ఇంకో పెద్ద తప్పు పైకప్పులో జరుగుతోంది. మోరీ మీద రెండు మూడు మీటర్ల పొడవున ఒకే స్లాబు పోసి, దాని మీద టైల్స్ అంటిస్తున్నారు. చూడ్డానికి బాగుంటుంది. పూడిక తీయాలంటే జేసీబీ కావాలి, జేసీబీ గల్లీలో పట్టదు, కాబట్టి పూడిక తీయరు. 75 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 10 మందం ఉన్న పలక సుమారు 84 కిలోలు తూగుతుంది. కొక్కెం కడ్డీలతో ఇద్దరు ముగ్గురు లేపగలరు. పలకలో చిన్న గుంత వదిలి, 12 మిల్లీమీటర్ల కడ్డీ కొక్కెం ఆ గుంతలోనే ఉండేలా పోతపోస్తే నడిచేవాళ్ల కాళ్లకు తగలదు. ఐదారు మీటర్లకొక జాలీ పలక ఉండాలి. బండ్లు మోరీ దాటే చోట మందం 15 సెంటీమీటర్లకు తగ్గకూడదు.

పూడిక తీయాల్సింది మే నెలలో, తొలకరికి ముందు. తీసిన మట్టిని ఒడ్డునే కుప్ప పోసి వారం వదిలేస్తే మొదటి వానకే తిరిగి లోపలికి చేరుతుంది. పొద్దున తీసి, నీరోడ్చాక సాయంత్రానికే ట్రాక్టర్‌కెత్తాలి. పాత ఇళ్ల మరుగుదొడ్ల గొట్టాలు నేరుగా కలిసిన మోరీల్లోకి మనిషిని దించడం కూడదు. 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ఉన్నది ఇందుకే. అలాంటి చోట్ల యంత్రంతోనే చేయించాలి, ఆ గొట్టాలను వేరు చేయించాలి. హోటళ్లు, టిఫిన్ సెంటర్లు, మిఠాయి దుకాణాలు రెండు గదుల జిడ్డు తొట్టి పెట్టుకోవాలి. బయటకు పోయే గొట్టం మూతి నీటిమట్టానికి కిందికి వంగి ఉండాలి, అప్పుడే పైన తేలే నూనె లోపల ఆగుతుంది. వారానికొకసారి ఆ జిడ్డు తీసేయాలి. తీయకపోతే తొట్టి ఉన్నా లేనట్టే.

మోరీ సరిపడ్డాకే ఫుట్‌పాత్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం దుకాణాలున్న వీధిలో నడిచే జాగ 2.5 మీటర్లు ఉండాలి, ఎంత తక్కువైనా 1.8 మీటర్లు. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మన దగ్గర మోరీ మీద ఫుట్‌పాత్ కట్టే హడావుడిలో అడుగు, అడుగున్నర లేపుతున్నారు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ దాని మీదికి ఎక్కదు, రోడ్డు మీదే నడుస్తుంది. ఎవరూ నడవని ఫుట్‌పాత్ మీదికి సరుకు వస్తుంది. తొమ్మిది మీటర్ల గల్లీలో రెండు వైపులా ఫుట్‌పాత్ అసాధ్యం. ఒక వైపు 1.8 మీటర్లు గట్టిగా నిలబెట్టుకుంటే మేలు.

పేవర్ బ్లాకుల మందం నడిచే చోట 60 మిల్లీమీటర్లు, ఆటోలు ఎక్కే చోట 80. అవి కుంగుతున్నాయంటే తప్పు చాలాసార్లు బ్లాకుది కాదు, కింద పరిచినదానిది. పరుపు ఇసుక 25 నుంచి 30 మిల్లీమీటర్లే ఉండాలి. అడుగు బేస్ ఎగుడుదిగుడుగా ఉంటే, దాన్ని సరిచేయకుండా క్రషర్ డస్ట్ మూడంగుళాలు పోసి పైన సమం చేస్తారు. నీళ్లు దిగగానే ఆ డస్ట్ జారుతుంది. అంచున కాంక్రీటు కర్బు లేకపోతే వరుసంతా పక్కకు జరిగి సందులు విచ్చుకుంటాయి. సందుల్లో సన్న ఇసుక నింపి వైబ్రేటర్ తిప్పాలి, సిమెంటు నీళ్లు పోయకూడదు. బిల్లు కోసం ఎంబీ (కొలతల పుస్తకం) రాసే ముందు రెండు బిందెల నీళ్లు పోసి చూస్తే పనితనం అక్కడికక్కడే తెలుస్తుంది. నిలిస్తే బిల్లు ఆపాలి.

ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. వినాయక చవితి, బతుకమ్మ, మిలాద్, ఎవరో ఒక నాయకుడి రాక... ప్రతిసారీ పందిరి గుంజలకు, స్వాగత తోరణాలకు కొత్త ఫుట్‌పాత్‌లో గడ్డపారతో గుంతలు పడతాయి. నాలుగు బ్లాకులు లేస్తాయి, పండుగయ్యాక గుంతలో మట్టి కొట్టి పోతారు. వాన నీళ్లు అక్కడి నుంచే దిగి చుట్టూ కుంగుతుంది. పండుగలు ఆగవు, ఆగకూడదు కూడా. కట్టేటప్పుడే మూడు మీటర్లకొక 75 మిల్లీమీటర్ల జీఐ పైపు ముక్క, రెండడుగుల లోతున కాంక్రీటులో నిలబెట్టి పైన తాళమున్న మూత బిగిస్తే, పండుగప్పుడు మూత తీసి గుంజ అందులో దించొచ్చు. తాళం చెవి వార్డు ఆఫీసులో ఉంచి, పందిరి అనుమతితో పాటే ఇవ్వొచ్చు. అన్నట్టు, ఫ్లెక్సీలకు ఇంత సౌకర్యం అక్కర్లేదు. అవి గడియారం ముఖాన్ని కప్పకుండా ఉంటే అదే పదివేలు.

తోపుడు బండ్ల దగ్గరికి వస్తే, వాళ్లను ఊరి బయట మార్కెట్‌కు పంపిస్తే బజారు బాగుపడుతుందని చాలామంది దుకాణదారుల నమ్మకం. ఇది తప్పు లెక్క. పండ్ల కోసం, పూల కోసం ఆగిన మనిషే పక్క దుకాణంలో జాకెట్ ముక్క కొంటుంది. గిరాకీ నడిచే దారికి దూరంగా కట్టిన సమీకృత మార్కెట్లు కొన్నిచోట్ల ఖాళీగా ఉండటానికి, పంపినవాళ్లు నెల తిరగక ముందే వెనక్కి రావడానికి కారణం కూడా ఇదే. 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే పూర్తయి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించొద్దంటుంది. ఖాళీ చేయించాల్సి వచ్చినా 30 రోజుల నోటీసు ఉండాలి. వీధి వ్యాపారుల చోట్లు తేల్చే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలి. లక్షన్నర మంది ఉన్న ఊరికి అది 3,750. చేయాల్సిందల్లా ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గడులు గీసి నంబరు వేయడం, నడిచే 1.8 మీటర్లు వదలడం, ఒకే గడిని పొద్దున కూరగాయలకు, సాయంత్రం మిర్చి బజ్జీలకు రెండు పూటలు ఇవ్వడం. గడుల పక్కనే ఒక నల్లా, కరెంటు పాయింటు, తడి చెత్త డ్రమ్ము. వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి లోను కూడా 2025 నుంచి మొదటి విడత 15,000 రూపాయలకు పెరిగింది. ఆ లోనుకైనా ముందు ఆ గుర్తింపు కాగితమే అడుగుతారు.

ఇప్పుడు దుకాణదారులకు రుచించని మాట. ఇరవై మీటర్ల బజారులో నాలుగు దుకాణాలున్నాయనుకుందాం. ఒక్కో దుకాణంలో యజమాని, ఇద్దరు పనివాళ్లు, అంటే 12 బైకులు. అడ్డంగా నిలిపితే ఒక్కో బైకుకు 80 సెంటీమీటర్లు. షట్టరు లేచేలోపే దాదాపు పది మీటర్లు, అంటే సగం ముఖం నిండిపోయింది. పది గంటలు కదలని ఆ ఒక్క బైకు జాగలో అరగంటకొకరు చొప్పున ఇరవై మంది గిరాకీ వచ్చి పోవచ్చు. పార్కింగ్ లేదని గిరాకీ పోతోందనే ముందు ఈ లెక్క వేసుకోవాలి. పనివాళ్ల బండ్లకు రెండు మూడు వందల మీటర్ల దూరంలో మున్సిపల్ జాగ చూపించి, అక్కడ నీడ, కాపలా పెట్టాలి. సరుకు లారీలు, ట్రాలీలు ఉదయం 9 లోపు, రాత్రి 9 తర్వాతే రావాలి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 2021 నుంచి ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా 1.3 కిలోమీటర్లు పగలంతా మోటారు బండ్లు నిషేధం. మనకు అంత అవసరం లేదు, పక్క దార్లు కూడా లేవు. ఇరుకైన ఒక గల్లీలో సాయంత్రం 5 నుంచి 9 దాకా మూడు నెలలు చేసి చూస్తే చాలు. బారికేడ్లకు పెద్ద ఖర్చు కూడా కాదు.

మున్సిపాలిటీ కిరాయికిచ్చిన పాత మడిగెల సంగతి వేరు. కిరాయి తక్కువని మున్సిపాలిటీ ముట్టదు, లీజు ఎప్పుడు పోతుందోనని కిరాయిదారు ముట్టడు. మధ్యలో స్లాబు కారుతుంది, పిట్టగోడ పగుల్లో రావి మొక్క లేస్తుంది. దాన్ని ఏటా పైకి కోస్తే ఏటా మరింత లావుగా వస్తుంది. వేరుదాకా తవ్వి తీసి, ఆ కంత పూడ్చాలి. సున్నం గోడలకు సున్నంతోనే పూడ్చాలి. సిమెంటు పెడితే తేమ లోపలే చిక్కుకుని చుట్టూ గచ్చు రాలుతుంది. 1935లో కట్టిన హైదరాబాద్ మొజంజాహి మార్కెట్‌ను బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. మన పాత మడిగెలకు అంత హంగు అక్కర్లేదు, నీళ్లు నిలవని పైకప్పు, ఒకే ఎత్తున బోర్డులు ఉంటే చాలు. దుకాణాల పై అంతస్తులు ఖాళీగా ఉన్నచోట ఎవరైనా కాపురముంటే రాత్రి తొమ్మిది తర్వాత కూడా బజారులో వెలుగుంటుంది.

ఆడవాళ్లకు గడియ, లైటు, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి బజారుకు ఒకటన్నా కావాలి. రోజుకు మూడుసార్లు కడగాలి. చెట్లకు మీటరు చదరం మట్టి వదలాలి, మొదలు దాకా సిమెంటు పోయొద్దు. కోనోకార్పస్ వద్దు, దాని వేళ్లు మోరీల్లో దూరతాయి. వేప, కానుగ చాలు. 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి ఇమ్మంది కాబట్టి నీళ్లు పోసే మనిషికి డబ్బు లేదనే మాట నిలవదు.

ఇవన్నీ కట్టాక చూసుకునేదెవరు? 1970లో కెనడాలోని టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ దుకాణదారులు, భూగర్భ రైలు, కొత్త మాల్ తమ గిరాకీని లాక్కుపోతుంటే తమ మీద తామే అదనపు పన్ను వేయించుకున్నారు. వసూలు చేసింది నగరపాలక సంస్థ, దేనికి ఖర్చు పెట్టాలో తేల్చింది దుకాణదారుల బోర్డు. మనం అంత దూరం పోనక్కర్లేదు. రెండు వందల దుకాణాలు నెలకు 300 రూపాయల చొప్పున వేసుకుంటే 60,000 అవుతుంది. ఇద్దరు మనుషుల జీతం పోగా చిల్లర మరమ్మతుకు సగం మిగులుతుంది. లెక్క ప్రతి నెలా చౌరస్తాలో బోర్డు మీద రాయాలి. పెద్ద పని, అంటే రోడ్డు, మోరీ, మున్సిపాలిటీదే. దాన్ని ఈ డబ్బుతో పూడ్చొద్దు.

కాంట్రాక్టులోనే రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వేసిన బ్లాకుల్లో నూటికి రెండు, మోరీ పలకలు ఇరవై అదనంగా తెచ్చి వార్డు ఆఫీసు గోదాములో పెట్టించాలి, ఎందుకంటే మూడేళ్ల తర్వాత అదే రంగు, అదే సైజు దొరకదు. నల్లా కనెక్షన్‌కు, కేబుల్‌కు తవ్వినవాళ్లు రిస్టోరేషన్ చార్జీ, అంటే తవ్విన చోటు తిరిగి బాగుచేసే ఖర్చు, కట్టాకే అనుమతి, పూడ్చేటప్పుడు 15 సెంటీమీటర్లకొక పొరగా దిమ్మిస కొట్టాలి. పనిలో లోపాలు సరిచేసే కాంట్రాక్టర్ బాధ్యత సాధారణంగా రెండేళ్లు. అది ముగియడానికి రెండు నెలల ముందే, మంచి వాన పడ్డ మర్నాడు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), దుకాణదారులు కలిసి నీళ్లు నిలిచిన చోట్లన్నీ సుద్దతో గీసి ఫొటోలు తీయాలి. కాంట్రాక్టర్ డిపాజిట్ తిరిగి ఇచ్చే ఫైలులో ఆ ఫొటోలు ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లగొండ