ఉదయగిరి చెక్కతో పిస్టల్ పిడి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ క్రీడా పేజీలో పిస్టల్ షూటింగ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. కొత్త విదేశీ పిస్టల్ కొనగలిగిన వాళ్లకే ఈ ఆట అన్నట్టు అందులో రాశారు. ఆ పేపరు పట్టుకుని మా వీధి కుర్రాళ్లు ఇద్దరు సాయంత్రం ఇంటికొచ్చారు. "ఇది మనలాంటోళ్లకి కాదంట గదా మామా" అన్నాడు ఒకడు. వాడి మొహం చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మాది ఉదయగిరి. సైన్యంలో 17 ఏళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. సర్వీసులో పిస్టల్ పోటీల్లో కాల్చాను, ఇప్పటికీ 25 మీటర్ల స్టాండర్డ్ పిస్టల్ కాలుస్తున్నాను. నెలకి రెండుసార్లు బస్సులో నెల్లూరు, అక్కడి నుంచి రైల్లో చెన్నై వెళ్లి రేంజిలో ప్రాక్టీసు చేసి వస్తాను.

కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో. 0.177 అంగుళాల బోరు (గొట్టం రంధ్రం), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నదానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. 2024లో పారిస్‌లో మను భాకర్ వ్యక్తిగత కాంస్యం గెలిచింది ఈ విభాగంలోనే. ఏడాదో రెండేళ్లో అది కాల్చి, చెయ్యి నిలబడ్డాక పాయింట్ టూటూ, అంటే 0.22 అంగుళాల బోరు తూటా పిస్టల్ సంగతి ఆలోచించవచ్చు.

స్టాండర్డ్ పిస్టల్‌లో మొత్తం 60 రౌండ్లు. ఐదేసి రౌండ్ల చొప్పున ముందు 150 సెకన్ల సిరీస్‌లు, తర్వాత 20 సెకన్లవి, చివర 10 సెకన్లవి. పది సెకన్లలో ఐదు రౌండ్లు గురిచూసి కాల్చాలంటే పేలిన తూటా ఖాళీ ఖోకాని (గొట్టాన్ని) బయటికి నెట్టి, తర్వాతి రౌండుని పిస్టలే ఎక్కించుకోవాలి. సెమీ ఆటోమేటిక్ అవసరం అందుకే.

అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు రూగర్ మార్క్ ఫోర్ పిస్టల్ కొన్నాడు. రూగర్ కంపెనీ 1949లో మొట్టమొదట అమ్మింది పాయింట్ టూటూ పిస్టలే, ధర 37 డాలర్ల 50 సెంట్లు. సామాన్యుడు కొనుక్కోగల పిస్టల్ అని ఆ వరసకి ఇప్పటికీ పేరు. మావాడు పిడి ఒకటి, ట్రిగ్గర్ సెట్టు ఒకటి విడిగా తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకున్నాడు. మన దగ్గర అట్లా కుదరదు. అందుకని నేను ఆట మానేసిన ఒక సీనియర్ షూటర్ దగ్గర పాత వాల్తర్ జీఎస్పీ పిస్టల్ తీసుకున్నాను. 1968లో వచ్చిన మోడల్, తూటాలు పెట్టే మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి ముందుంటుంది. లైసెన్సు ఉన్నవాళ్ల మధ్య కూడా అమ్మే మనిషి 45 రోజుల ముందే అధికారులకి తెలియజేయాలి. ఆ 45 రోజులూ ఓపిక పట్టాను. కొత్తదాని ధరలో సగం కూడా కాలేదు.

పాత పిస్టల్ చూసేటప్పుడు పైన పాలిష్ చూసి మోసపోకండి. బ్యారెల్‌లోకి లైటు వేసి తుప్పు గుంటలు ఉన్నాయేమో చూడాలి. మ్యాగజైన్ పెదాలు, అంటే తూటాని పట్టి ఉంచే పై అంచులు, వంగాయేమో చూడాలి. నాదాంట్లో కాల్చినప్పుడు వెనక్కొచ్చే భాగాన్ని మళ్లీ ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగు అలిసిపోయి ఉంది, దాని దెబ్బని ఆపే బఫర్ చిట్లింది. రెండూ మార్పించాక తూటాలు ఇరుక్కోవడం ఆగింది. ఖర్చు పెద్దగా కాలేదు.

డబ్బు వృథా చేసుకుంది ట్రిగ్గర్ దగ్గర. స్మూత్‌గా చేస్తానన్న ఒక మెకానిక్ మాట నమ్మాను. ఆయన లోపలి సియర్‌ని, అంటే ట్రిగ్గర్ నొక్కే దాకా తూటాని పేల్చే హ్యామర్‌ని పట్టి ఉంచే ముక్కని, ఆకురాయితో రాసేశాడు. మొదట్లో వెన్నలా ఉంది, నేనూ మురిసిపోయాను. పోటీకి ముందు పరికరాల తనిఖీలో పిస్టల్‌ని నిట్టనిలువుగా పెట్టి, ట్రిగ్గర్‌కి 1000 గ్రాముల బరువు తగిలించి పైకెత్తుతారు. ఆ బరువుని ట్రిగ్గర్ మొయ్యాలి. నాది మొయ్యలేదు. అంతకన్నా భయంకరమైంది, ప్రాక్టీసులో ఒకసారి ఒకే నొక్కుకి రెండు రౌండ్లు పేలాయి. రెండోది టార్గెట్ పైనున్న మట్టికట్టలో దిగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సియర్, హ్యామర్ రెండూ కొత్తవి వేయించాల్సి వచ్చింది. దయచేసి ఎవరూ ట్రిగ్గర్‌ని రాయించుకోవద్దు. బయట స్క్రూతో సర్దుకునేంత వరకే సర్దుకోండి.

ఇక పిడి. నా రౌండ్లన్నీ ఎడమకి, ఏడు ఎనిమిది రింగుల్లో పడేవి. గురిచూసే వెనక గాడి, బ్యాక్‌సైట్, తిప్పుతూ పోయాను, లాభం లేదు. పిడి నా చేతికి పెద్దది. వేలు ట్రిగ్గర్‌కి నేరుగా అందక, నొక్కిన ప్రతిసారీ పిస్టల్‌ని ఎడమకి తోస్తోంది. విదేశీ పిడి తెప్పిద్దామంటే దాని ధర విని వెనక్కి తగ్గాను. అప్పుడు గుర్తొచ్చింది, ఉదయగిరిలో ఉండి చెక్కపని కోసం ఎక్కడికో చూస్తున్నానేంటని. దుర్గం కొండల కర్రతో గరిటెలు, స్పూన్లు చేసే ఇళ్లు మా వీధికి రెండు సందుల అవతలే ఉన్నాయి.

పిస్టల్‌ని బీరువాలోనే ఉంచి తాళం వేశాను. స్క్రూ విప్పి పాత చెక్క పిడి ఒక్కదాన్నే తీసుకెళ్లాను. దాని మీద ఎం-సీల్ ముద్ద పూసి, అది మెత్తగా ఉండగానే గట్టిగా పట్టుకున్నాను. నా వేళ్ల అచ్చు పడింది. ఆ పనిచేసే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "గరిట అందరి చేతికీ సరిపోవాల. ఇది మీ ఒక్క చేతికే సరిపోవాల. మళ్లా పట్టుకోండి సార్" అంది. ఆరుసార్లు పట్టించింది. నార్ది కర్ర తీసుకుని నాలుగు రోజుల్లో చెక్కింది. మొదటిసారి బొటనవేలి దగ్గర లావైంది. నిబంధన ప్రకారం పిస్టల్ మొత్తం 300, 150, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, నాది 50 దాటింది. అట్టతో అలాంటి పెట్టె చేసి ఇచ్చాను, ఆ లోపలికి తెచ్చింది. పిడి మణికట్టుని చుట్టుకోకూడదన్న సంగతీ ముందే చెప్పాను.

ఆ పిడి బిగించాక కళ్లు మూసుకుని చెయ్యెత్తి, కళ్లు తెరిస్తే ముందున్న గురిముక్క, ఫోర్‌సైట్, బ్యాక్‌సైట్ మధ్యలోనే ఉంది. నా స్కోరు 600కి 531 నుంచి ఆరు నెలల్లో 548కి వచ్చింది. చెక్కిన ఖర్చు నేను ట్రిగ్గర్ మీద తగలేసినదాంట్లో పదో వంతు కూడా లేదు.

తూటాల విషయంలోనూ ఖరీదు చూసి కొనకండి. నాలుగు రకాలు తీసుకుని, చెయ్యి ఇసుక సంచి మీద ఆనించి, ఒక్కో రకం పదేసి రౌండ్లు కాల్చి గ్రూపింగ్, అంటే రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో, చూశాను. అన్నిటికన్నా ఖరీదైనది నా పిస్టల్‌లో రెండుసార్లు ఇరుక్కుంది, మధ్యరకం చక్కగా కూడింది. హై వెలాసిటీ తూటా ఈ ఆటకి అవసరం లేదు.

2012లో లండన్‌లో 25 మీటర్ల రాపిడ్ ఫైర్‌లో వెండి పతకం తెచ్చిన విజయ్ కుమార్ అప్పట్లో మా సైన్యంలో సుబేదారు, హిమాచల్ పల్లెటూరి మనిషి. డబ్బున్నవాళ్ల ఆట అని మీరు రాసిన పేజీలోనే ఆయన గురించి రెండు ముక్కలు వేయండి. ఎయిర్ పిస్టల్‌తో ఎలా మొదలుపెట్టాలో, క్లబ్బులో ఎలా చేరాలో కూడా వివరంగా వేయండి. పేరు పెట్టినా పెట్టకపోయినా, నాకు తెలిసినంతవరకు రాసి పంపిస్తాను.

ఆ కుర్రాళ్లిద్దరూ వచ్చే నెల మొదటి ఆదివారం నాతో చెన్నై వస్తున్నారు. అక్కడ క్లబ్బు ఎయిర్ పిస్టల్ ఇస్తారు. ఏమీ కొనొద్దు, ఖాళీ చేతులతో రండి అని చెప్పాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దారు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా