ఆ నియాన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇప్పుడే ప్లగ్ పెట్టకు

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్, ఇంట్లో అందరూ బాగున్నారా. నీ మెసేజ్ రాత్రి చూశాను, టెన్త్ పిల్లలకి గాల్లోకి మెరుపులు కొట్టే టెస్లా కాయిల్ చూపిద్దామనుకుంటున్నా అన్నావు, చాలా సంతోషమేసింది, కానీ ఆ కిందే దానికి కరెంటు ఇవ్వడానికి పాత నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి దొరికింది అని రాశావు చూడు, ఇక నిద్ర పట్టలేదు. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నా.

అందరూ పైన కొట్టే మెరుపుని చూసి భయపడతారు గానీ ప్రాణం తీసేది కింద డబ్బాలో ఉంటుంది రా. అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ 15,000 వోల్టులు, 30 మిల్లీఆంప్స్ ఇస్తుంది, అదీ 50 హెర్ట్జ్ దగ్గర, గుండె ఆగడానికి అది చాలు. ల్యాబ్‌లో ఆర్‌సీసీబీ, అదే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, ఉందిగా, ట్రిప్ అవుతుందిలే అనుకుంటావేమో, అవ్వదు! సెకండరీ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో హై వోల్టేజ్ బయటికొచ్చే చుట్ట వైపు, చెయ్యి పడితే దానికి అసలు తెలీదు, ప్రైమరీలో, అంటే ప్లగ్ వైపు చుట్టలో, ఫేజ్‌లో ఎంత వెళ్తుందో న్యూట్రల్‌లో అంతే తిరిగొస్తుంది కాబట్టి. మైక్రోవేవ్ ఓవెన్‌లోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఇంకా ఘోరం, 2,000 వోల్టులేగా అనిపిస్తుంది కానీ కరెంటు చాలా ఎక్కువ, దాని జోలికే పోకు.

ఇంకోటి, హై ఫ్రీక్వెన్సీ కరెంటు చర్మం పైనే పోతుంది, ఏం కాదు అని మనకి కూడా ఎవరో చెప్పారు గుర్తుందా? తప్పు మామా. ఆ స్కిన్ ఎఫెక్ట్ రాగి తీగలకి సరిపోతుంది, మన ఒంటికి కాదు. అంత స్పీడుకి నరాలు స్పందించవు కాబట్టి షాక్ కొట్టినట్టు అనిపించదు అంతే, లోపల కండ కాలుతూనే ఉంటుంది. పైగా ఆ మెరుపు పొరపాటున కాయిల్ కింద ఉండే ప్రైమరీ చుట్లకి తగిలిందంటే, ఆ మెరుపుని పట్టుకున్న మనిషి మీదుగా 50 హెర్ట్జ్ కరెంటుకి దారి దొరికినట్టే.

డిగ్రీలో మన ల్యాబ్‌లో జరిగింది మర్చిపోయావా, స్విచ్ ఆపాం, ప్లగ్ పీకాం, ఆ పవర్ సప్లైలో ఛార్జ్ దాచుకునే కెపాసిటర్ దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టగానే ఢామ్మని పేలి కొన మీద గుంట పడింది. నాకు ఇప్పటికీ ఆ చప్పుడు చెవిలో ఉంది. అందుకే కెపాసిటర్ ఉన్న ఏ సర్క్యూట్ అయినా దాని అడ్డంగా ఆ ఛార్జ్‌ని మెల్లగా ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ ఉండాల్సిందే, ముట్టుకునే ముందు పొడుగాటి ఇన్సులేటెడ్ కర్రతో డిస్‌చార్జ్ చేయాల్సిందే.

నేను మా పిల్లలకి చూపించేది చిన్నది. పీవీసీ పైపు ముక్క మీద సన్నటి వైండింగ్ వైరు 300 చుట్లు, దాని చుట్టూ మందం వైరు మూడు చుట్లు, ఒక 2ఎన్2222 ట్రాన్సిస్టర్, ఒక 22 కిలో ఓమ్ రెసిస్టర్, ఒక ఎల్ఈడీ, 9 వోల్ట్ బ్యాటరీ. అంతే. స్లేయర్ ఎక్సైటర్ అంటారు దీన్ని. దీని కొస ముట్టుకున్నా సన్నగా కాలుతుంది కాబట్టి ఎవర్నీ ముట్టుకోనివ్వను, ఫోన్లు, వినికిడి మెషిన్లు దూరంగా పెట్టిస్తా, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళని అయితే ఆ గదిలోకే రానివ్వను.

కాయిల్ తీసే ముందు ఒక పని చెయ్యి. అడ్డంగా ఒక దారం కట్టి దానికి రెండు రాళ్ళు ఒకే పొడవు దారాలతో వేలాడదియ్యి, ఒకదాన్ని ఊపు. కాసేపటికి అది ఆగిపోయి రెండోది ఊగుతుంది, మళ్ళీ వెనక్కి ఇస్తుంది. ఒక దారం పొడవు మార్చేస్తే ఈ ఇచ్చిపుచ్చుకోడం సరిగ్గా జరగదు. రెజొనెన్స్, అంటే ఒకే లయలో ఊగేవాటి మధ్య శక్తి ఇలా చేతులు మారడం, అంటే ఏంటో నేను ఇరవై నిమిషాలు బోర్డు మీద చెప్పినదానికంటే ఇది బాగా ఎక్కింది వాళ్ళకి. కాయిల్‌లో ప్రైమరీ, సెకండరీ కూడా ఈ రెండు రాళ్ళే అని చెప్పాక కాయిల్ బయటికి తీస్తా.

మా ఇంటర్ పిల్లలు వెంటనే చుట్ల నిష్పత్తి ఫార్ములా వేసేస్తారు. పెద్ద కాయిల్‌లో ప్రైమరీ 10 చుట్లు, సెకండరీ 1,000, 10 వేల వోల్టులు ఇస్తే 10 లక్షలు అంటారు. అది ఐరన్ కోర్ ట్రాన్స్‌ఫార్మర్ లెక్క. ఇక్కడ కింది కెపాసిటర్‌లో ఉన్న శక్తే పైకి వెళ్తుంది కాబట్టి శక్తి లెక్క వెయ్యమంటా, కింద కెపాసిటెన్స్ 10 నానోఫారడ్లు, పైన 11 పికోఫారడ్లు అనుకుంటే, రెండిటి నిష్పత్తికి వర్గమూలం తీస్తే సుమారు 30 రెట్లు, అంటే నష్టాలేమీ లేకపోయినా 3 లక్షలే. ఆ క్షణం వాళ్ళ మొహాలు చూడాలి రా!

చివర్లో లైట్లు ఆపించి, ఫిలమెంట్ పోయిన పాత ట్యూబ్‌లైట్‌ని చెక్క స్టాండ్ మీద పెట్టి కాయిల్ దగ్గరికి జరుపుతా. వైరు లేదు, ఏమీ లేదు, కాయిల్ దగ్గరున్న మేర తెల్లగా వెలుగుతుంది. పిల్లల చేతికి ఇవ్వను, పగిలితే లోపల పాదరసం. 1891 మేలో న్యూయార్క్‌లో కొలంబియా కాలేజీలో టెస్లా కూడా వైర్లు తగిలించకుండానే గాజు గొట్టాలు వెలిగించి ఇంజనీర్లకి చూపించాడు, అది చెప్తే వెనక బెంచీ వాడు కూడా ముందుకొచ్చేస్తాడు.

వచ్చే శనివారం నా కాయిల్, రాళ్ళ దారం తీసుకుని మీ ఊరొస్తా, ఇద్దరం కలిసి క్లాసు చెప్దాం. అప్పటిదాకా ఆ ట్రాన్స్‌ఫార్మర్ బీరువాలో పెట్టి తాళం వెయ్యి, తాళం నీ జేబులోనే ఉంచుకో, ప్లీజ్ రా.

నీ
బెంచ్‌మేట్