ఆనకట్టల మీద నీ రీసెర్చ్ గురించి నాన్న

అమ్మలూ,

యుద్ధ నియమాల మీద నువ్వు రాసి పంపిన పేపర్ చదివాను, కొంత నా బుర్రకి ఎక్కలేదు గానీ ఆనకట్టల భాగం మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. మొన్న ఫోన్లో నీరసంగా అన్నావు కదా, యుద్ధంలో రూల్స్ ఎవరు పాటిస్తారు నాన్నా, ఈ చదువు ఎందుకు అని. మీ పెదనాన్న గారూ అదే అంటారు. నేనైతే ఒప్పుకోను. మనకీ పాకిస్తాన్‌కీ అణు కేంద్రాల మీద దాడి చెయ్యకూడదని 1988లో ఒప్పందం అయింది, ఎన్ని గొడవలున్నా ఏటా జనవరి 1న లిస్టులు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు, అది రూల్ కాకపోతే మరేంటి.

యుద్ధంలో జనాన్ని కాపాడే జెనీవా ఒప్పందాలకి అదనంగా చేర్చిన 1977 ప్రోటోకాల్లో 56వ ఆర్టికల్ గురించి బాగా రాశావు. ఆనకట్టో గట్టో కొడితే నీళ్ళు మీదపడి జనం భారీగా పోయేటట్టుంటే అది మిలటరీ టార్గెట్ అయినా కొట్టకూడదు, ఏవో మినహాయింపులు తప్ప. 1943లో జర్మనీలో మోనే ఆనకట్ట పగలగొడితే 1000 మందికి పైగా పోయారంటే ఒళ్ళు జలదరించింది, 1986 ఆగస్టులో మన ఏటిగట్లు తెగినప్పుడు లంకల్లో జనం పడ్డ పాట్లు తెలిసినవాళ్ళం కదా.

కానీ ఒకటి తక్కువైందమ్మా. నువ్వు మునిగినవాళ్ళని లెక్కేశావు, ఆ తర్వాత కాలవ ఎండినవాళ్ళని వెయ్యలేదు. 2023 జూన్ 6న ఉక్రెయిన్లో యుద్ధం మధ్యలో కఖోవ్కా ఆనకట్ట తెగినప్పుడు కింద ఊళ్ళు మునిగాయి, నిజమే, కానీ ఆ రిజర్వాయర్ ఖాళీ అయిపోయి దాని మీద ఆధారపడ్డ కాలవలకి నీళ్ళే లేకుండా పోయాయి. వరద కొన్నాళ్ళకి తీస్తుంది, ఇది అలా తీసేది కాదు. రేపు ధవళేశ్వరం లేదనుకో, 10 లక్షల ఎకరాలకి సార్వా లేదు దాళ్వా లేదు, కౌలు రైతు మొదటి ఏడే ఊరొదిలి పోతాడు, మరి ఆ నష్టం ఏ లెక్కలోకి వస్తుంది? 54వ ఆర్టికల్లో పంటలూ సాగునీటి పనులూ ఉన్నాయని నువ్వే రాశావు, కానీ ఒక్క లైన్లో తేల్చేశావు, అక్కడే ఇంకో రెండు పేజీలు రాయి.

ఇంకోటి, మనవాళ్ళు 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాల్లో చేరారు, 1960లో చట్టం కూడా చేశారు, ఈ 1977 ప్రోటోకాల్లో మాత్రం చేరలేదు. ఆ 1988 ఒప్పందంలోనూ ఆనకట్టలు లేవు. ఎందుకు లేవు, పెట్టమని అడగొచ్చా, అది మీ ప్రొఫెసర్ గారిని అడిగి నాకు రాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కాగితాలు తెచ్చుకో, నీటి సంఘం వాళ్ళతో నీ చేత మాట్లాడిస్తానని మాటిచ్చేశాను. మీ అమ్మ అడగమంది, టైముకి తింటున్నావా?

నాన్న