ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే

అందరికీ నమస్కారం. ఇన్ని రోజులు కనిపించలేదని కంగారుపడి ఫోన్ చేసినవాళ్లందరికీ సారీ. నాగార్జునసాగర్ రోడ్డులో వనస్థలిపురం దగ్గరున్న ధమ్మఖేత్త విపశ్యన ధ్యాన కేంద్రంలో పది రోజుల కోర్సులో ఉన్నాను. 1976 నుంచీ ఉందట. ఆ దారిన ఎన్నిసార్లు వెళ్లానో, ఒక్కసారీ తల తిప్పి చూడలేదు!

ఫోన్ మొదటిరోజే అప్పజెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి గంట. దాదాపు పది రోజులు మౌనం, సైగలు కూడా చేయకూడదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాసను గమనించడమే పని. ఇంతేనా అనుకుంటాం. రెండో రోజుకే నాకు మోకాళ్ల నొప్పి. పైగా ఎప్పుడో మా తమ్ముడితో పడ్డ గొడవంతా మాట మాటా గుర్తొచ్చి ఒకటే టెన్షన్. మధ్యాహ్నం ఆచార్యుల దగ్గర చెప్పుకుంటే, కోపం వచ్చినప్పుడు శ్వాస ఎలా మారుతోందో చూడమన్నారు, అంతే. చిరాకేసింది. అయినా చూశాను. కోపం పోలేదు గానీ, పట్టు కాస్త సడలింది.

ఫీజు లేదు, కోర్సు అయ్యాక తోచింది ఇవ్వొచ్చు. రాత్రి భోజనం ఉండదు, సాయంత్రం టీ, పండ్లే. ఏవైనా మందులు వాడేవాళ్లు దరఖాస్తులోనే రాయండి. ఇంకేమైనా అడగాలంటే ఈ ఆదివారం వాకింగ్‌లో కలుద్దాం, ఇక్కడ టైప్ చేయడం నావల్ల కాదు.