మెరకకు లోను ఎందుకు రాదు?

సంపాదకుడి గారికి,

గోదావరి డెల్టాలో ఇల్లు కట్టాలంటే ముందు నేలను కట్టుకోవాలి. వరిచేనో, పూడ్చిన చేపల చెరువో, పల్లపు కొబ్బరితోటో కొన్నవారు మెరక వేయకుండా, అంటే మట్టి పోసి నేలను ఎత్తు చేయకుండా, పునాది తియ్యలేరు. అయిదు సెంట్లంటే 2,178 చదరపు అడుగులు. మూడడుగులు లేపడానికి 6,534 ఘనపుటడుగుల మట్టి కావాలి. అణిగిపోయేది కూడా కలుపుకుంటే, ట్రక్కుకు నూరు ఘనపుటడుగుల లెక్కన సుమారు 80 ట్రక్కులు. దానికింద నల్లమట్టి ఎండకు బీటలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. అందుకే చాలాచోట్ల మామూలు పునాది ఆగక పైల్స్ (నేలలోకి లోతుగా దించే స్తంభాలు) వేయాల్సి వస్తుంది. ఇంత ఖర్చయ్యాక కూడా పైకి గోడ కనిపించదు.

బ్యాంకు మాత్రం కనిపించిన పనికే డబ్బు వదులుతుంది. ముందు మన వాటా పెట్టాలి, ఆ తర్వాత బేస్‌మెంటుకు, శ్లాబుకు, ఫినిషింగుకు విడతలు. ఎస్టిమేటులో మెరక సాధారణంగా ఉండదు. నూటికి రెండు రూపాయల వడ్డీ ఇంట్లో అడుగుపెట్టేది సరిగ్గా అక్కడే. రెండు లక్షలకు నెలకు 4,000, ఏడాదికి 48,000 కట్టినా అసలు కదలదు. అదే తొమ్మిది శాతానికి 20 ఏళ్ల బ్యాంకు లోనైతే రెండు లక్షలకు నెలకు సుమారు 1,800, అసలుతో కలిపి.

ఉన్నంతలో దారులు లేకపోలేదు. అమ్మేవారు ఒప్పుకుంటే స్థలం సొమ్ము సార్వా, దాళ్వా వరి పంటల డబ్బు చేతికొచ్చే నెలల్లో వాయిదాలుగా కట్టొచ్చు. కానీ ఆ అగ్రిమెంటు రిజిస్టరు చేయించాలి. స్టాంపు కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకుంటే ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించదు, అదే స్థలం ఇంకొకరు కొనేస్తారు. కోర్టుకు వెళ్లాలన్నా గడువు మూడేళ్లే. రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని దస్తావేజులో ధర తక్కువ రాయించడం ఇంకో పొరపాటు. బ్యాంకు ఆ తక్కువ ధర మీదే లోను లెక్కగడుతుంది, మిగతాది మళ్లీ వడ్డీకి తేవాల్సిందే.

మెరకకు బ్యాంకులో బంగారం పెట్టడం రెండు రూపాయల వడ్డీకన్నా చాలా నయం. చీటీని దీనికి వాడొద్దు. మొదటి నెలల్లో పాడితే నూటికి 40 దాకా కోత పడొచ్చు. 5 లక్షల చీటీలో అది 2 లక్షలు. పోసిన మట్టి ఒక వర్షాకాలమైనా నానాలి కదా, ఆ వ్యవధిలో చీటీ నడవనిచ్చి ఫినిషింగుకు పాడుకోవడం మేలు. 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీయే వేయాలి. జామీనుదారులను ముందే చూసుకోకపోతే పాట మనదైనా డబ్బు రాదు.

ఇక మా విన్నపం. వరికి, కొబ్బరికి ఎకరానికి ఎంత అప్పు ఇవ్వాలో ఏటా జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ తేలుస్తోంది. అలాగే మెరకకు ఘనపుటడుగుకు ఇంత, పైల్‌కు ఇంత అని మండలాల వారీగా తేల్చి, బ్యాంకులు దాన్ని మొదటి విడతగా విడుదల చేసేలా జిల్లా సంప్రదింపుల కమిటీలో కలెక్టరు, లీడ్ బ్యాంకు (జిల్లాలో బ్యాంకులను సమన్వయం చేసే బ్యాంకు) నిర్ణయించాలి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో కొండ ప్రాంతాలకు 1.30 లక్షలు, మైదానాలకు 1.20 లక్షలు అని తేడా పెట్టారు. మూడడుగులు లేపితే తప్ప నిలవని లంక గ్రామాన్ని మైదానం లెక్కలో ఎలా వేస్తారు? 1986 వరదనూ 2022 జూలై వరదనూ చూసిన ఊళ్లవి.

ఈలోగా లోనుకు వెళ్లేవారు ఇంజినీరు చేత మట్టి పోయకముందు లెవెలు తీయించి, ఫొటోలతో ఎస్టిమేటుకు జతచేయించుకోవాలి. 80 ట్రక్కులు పడ్డాక పాత నేల ఎంత లోతున ఉందో మేనేజరుకు చూపించే ఆధారం ఇంకేదీ మిగలదు.

— ఒక సివిల్ ఇంజినీరు, అమలాపురం